ఎంగిలి పోలిక

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. నందిగామ బస్టాండు దగ్గర, నేను పనిచేసే బడికి వెళ్లే ఆటో కోసం నిలబడి ఉండగా జగ్గయ్యపేట నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. తనకి అక్కడ గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ షాపు ఉంది. "మాస్టారు పోయారే. కాఫీ తాగి వరండాలో కుర్చీలో కూర్చున్నారంట. వాళ్లావిడ పేపరు ఇద్దామని పిలిస్తే పలకలేదంట. బయల్దేరి వచ్చేయ్" అంది. ఆటో వచ్చింది, వెళ్లిపోయింది. నేను రోడ్డు దాటి జగ్గయ్యపేట బస్సెక్కాను.

నేను దిగేసరికి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. ఇంకా ఆయన్ని ఇంట్లోంచి బయటికి తీసుకురానే లేదు, ఫ్లెక్సీ మాత్రం గాలికి టపటపా కొట్టుకుంటోంది. మాస్టారి ఫోటో ఓ మూల చిన్నగా ఉంది. కింద రెండు చేతులూ జోడించిన మా పాత బడిని నడిపే కరెస్పాండెంటు గారి ఫోటో పెద్దగా ఉంది. నడుమ ఎర్ర అక్షరాలు: విద్యాకాశం నుంచి నేలరాలిన ధ్రువతార.

కదలదనే కదా దానికి ధ్రువతార అని పేరు. అది రాలడమేమిటి? ఆ మాట రాసినవాడు తల పైకెత్తి ఆకాశం వంక చూసి ఎన్నాళ్లయిందో. ఏడుపు రావాల్సిన చోట అసహ్యం వచ్చింది. ఇలా రాస్తున్నందుకు ఏమనుకుంటారో గానీ, మాస్టారి గురించి చెప్పాలంటే నేను ఆ అసహ్యం దగ్గరే మొదలుపెట్టాలి. దాన్ని మాకు నేర్పింది ఆయనే.

తొంభైల మొదట్లో మేం ఆ ప్రైవేటు బడిలో హైస్కూలు చదువుతున్నాం. మాస్టారు క్లాసుకి చాక్‌పీసు, డస్టరుతో పాటు ఒక స్టీలు చెంబు నిండా నీళ్లు తెచ్చుకునేవారు. దాహానికి కాదు. ఎవరైనా గైడులోంచి పట్టుకొచ్చిన పోలిక ఒప్పజెప్పితే ఆయన ముఖం చిట్లించి, "ఛీ, ఎంగిలి" అనేవారు. చెంబు ఎత్తి నీళ్లు నోట్లో పోసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, గట్టిగా పుక్కిలించి బయటికి ఉమ్మేవారు. పాచిపోయిన అన్నం నోట్లో పడినవాడు కూడా అంత శ్రద్ధగా ఉమ్మడు. కిటికీ కింద ఒక బొప్పాయి మొక్క మొలిచింది. మా గైడు పోలికల పుణ్యమా అని అది కిటికీ ఎత్తు పెరిగి కాయలు కాసింది.

మొదటిసారి ఆ శిక్ష అనుభవించింది నేనే. తెలుపుకి ఇంగ్లీషులో ఒక పోలిక చెప్పమన్నారు. లేచి, "యాజ్ వైట్ యాజ్ స్నో" అన్నాను, గైడులో ఉన్నది ఉన్నట్టు. ఆయన పుక్కిలించి వచ్చి అడిగారు.

"మంచు చూసావా?"

"లేదండి."

"మీ నాన్న చూసాడా?"

"లేదండి."

"మీ వీధిలో ఎవరన్నా చూసారా? మరి ఎవరో చూసి, ఎవరో నమిలి, ఎవరో ఊసింది నువ్వు తీసి నోట్లో పెట్టుకున్నావా? తెల్లగా నువ్వు చూసిందేదో చెప్పు."

చాలాసేపు నిలబెట్టారు. చివరికి, "సిమెంట్ ఫ్యాక్టరీ రోడ్డులో వేపచెట్టు అండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. దుమ్ముపడి ఆకులూ కొమ్మలూ తెల్లబారిపోయిన ఆ చెట్టుని మేం అందరం రోజూ చూసేవాళ్లమే. మాస్టారు మాత్రం నవ్వలేదు. బోర్డు మీద ఇంగ్లీషులో రాశారు: ఫ్యాక్టరీ దగ్గరి వేపచెట్టంత తెలుపు. రాసి దాని వంక కాసేపు చూశారు.

"ఇదీ తెలుపే. కానీ ఈ తెలుపుకి దగ్గొస్తది. స్నోకి రాదు. చూసావా, నీ పోలిక ఎంత పని చేసిందో" అన్నారు. నా జీవితంలో నేను అందుకున్న మొదటి మెప్పు అది.

సిమిలీ అంటే ఏమిటి, మెటఫర్ అంటే ఏమిటి అని నిర్వచనాలు ఆయన ఎన్నడూ రాయించలేదు. ఇంగ్లీషు పాఠంలో ఒక వాక్యం చదివి, "జరిగిందా?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నతోనే సగం పాఠం నడిచేది. ఆమె గుండె పగిలింది అని ఉంటే, జరిగిందా? లేదండి. పగిలితే మనిషి ఉండదండి. మరి అబద్ధం రాశాడా? కాదండి. మరెందుకు రాశాడు? అక్కడ మేం ఆగిపోయేవాళ్లం. అప్పుడు ఆయన బల్ల మీద కూర్చుని, పిల్లలతో పేచీ పెట్టుకునే ముసలాయనలాగా మొదలుపెట్టేవారు.

"మీ అమ్మ నా బుర్ర తినకురా అంటే, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నావా? ఎండకి మాడు పగిలిపోతోంది అంటే కట్టు కట్టడానికి గుడ్డ తెచ్చావా? మీ అమ్మ అంటే చటుక్కున అర్థమైపోద్ది. అదే ఇంగ్లీషువాడు అంటే మాత్రం గైడు కావాలి. వాడికి అమ్మ లేదనుకున్నావా?"

ఒకసారి పాఠంలో, రోడ్డు కొండల వైపు పరిగెత్తింది అని వచ్చింది. జరిగిందా అని అడిగారు. చందర్లపాడు నుంచి రోజూ బస్సుల్లో పడి వచ్చే ఒకబ్బాయి వెనక బెంచీ నుంచి లేచాడు. వాడు క్లాసులో నోరు తెరిచింది అదే మొదలు. "రోడ్డు పరిగెత్తలేదండి, బస్సు పరిగెత్తిందండి. లోపల కూర్చున్నోడికి రోడ్డే పరిగెత్తినట్టు ఉంటదండి" అన్నాడు. మాస్టారు బల్ల దిగి వాడి దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. "అంతే. మాట అన్నవాడు ఎక్కడ కూర్చుని అన్నాడో వీడు అక్కడికెళ్లి కూర్చున్నాడు. మీరూ వెళ్లి కూర్చోండి. ఇంగ్లీషు ఏమన్నా చంద్రమండలంలో ఉందా?" అన్నారు.

ఇదంతా కరెస్పాండెంటు గారికి నచ్చేది కాదు. ఆయన చెడ్డవాడని అననుగానీ, ఆయనకి బడి అంటే రిజల్టు. గైడులో అన్నీ తేలిక. లైక్ గానీ యాజ్ గానీ కనబడితే సిమిలీ అని రాయి, లేకపోతే మెటఫర్ అని రాయి. వాక్యం చదవక్కర్లేదు, అర్థం కానక్కర్లేదు. పేరెంట్సు మీటింగులో కంచికచర్ల నుంచి వచ్చిన ఒక తండ్రి లేచి, "మాస్టారూ, మావాడికి మార్కులు కావాలండి. వేపచెట్లు మా చేలోనూ ఉన్నయ్యండి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కరెస్పాండెంటు గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. మాస్టారు, "నేను నమిలి నోట్లో పెట్టనండి, పిల్లలకి పళ్లున్నాయి" అని కూర్చున్నారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మేం పదో తరగతికి వచ్చిన ఏడాది టీచర్స్ డే నాడు నా స్నేహితురాలు, అదే ఫ్యాన్సీ షాపు ఆవిడ, మైకు ముందు ఇంగ్లీషులో ఉపన్యాసం దంచింది. గురువు కొవ్వొత్తి లాంటివాడు, తాను కరిగిపోతూ లోకానికి వెలుగునిస్తాడు అని. వ్యాసాల పుస్తకంలోది మక్కీకి మక్కీ దింపింది. కరెస్పాండెంటు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తరవాతి పీరియడు మాస్టారిది. వస్తూనే చెంబు ఎత్తారు. ఆ రోజు ఆయన పుక్కిలించినంతసేపు ఎప్పుడూ పుక్కిలించలేదు.

"నేను కరిగిపోతున్నానా అమ్మా? నాకేం, నెలనెలా జీతం తీసుకుంటున్నా. కొవ్వొత్తిని నువ్వెప్పుడన్నా సరిగా చూసావా?"

"మా ఇంట్లో ఉందండి."

"ఉంటే సరిపోదు. ఇంటికెళ్లి చూడు. దాన్ని ఎప్పుడు వెతుకుతారు, ఎక్కడ పెడతారు, పని అయిపోయాక ఏం చేస్తారు. అన్నీ చూసి రేపొచ్చి చెప్పు. అప్పుడు నేను కొవ్వొత్తినో కానో తేల్చుకుందాం."

నా స్నేహితురాలు ఉడుక్కుంటూ ఇంటికి వెళ్లింది గానీ, నిజంగానే చూసి వచ్చింది. మర్నాడు ఆయన పీరియడు కోసం ముందు బెంచీలో కాచుకుని కూర్చుంది. క్లాసులోకి వచ్చింది మాస్టారు కాదు, టక్ చేసుకున్న ఓ కుర్రాయన. గైడు తెరిచి, "రాసుకోండి" అన్నాడు. మేం తలలు వంచి రాసుకుంటూ ఉండగా గుమ్మంలో అలికిడైంది. మాస్టారు. చేతిలో నీళ్ల చెంబు. ఆయన్ని తీసేసిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"ఎవరు కావాలండి?" అన్నాడు కొత్తాయన.

మాస్టారు బోర్డు వంక చూశారు, మా వంక చూశారు. "ఏం లేదు బాబూ. కానివ్వు" అని వెనక్కి తిరిగారు. మెట్లు దిగుతుంటే చెంబులో నీళ్లు తొణికి ఆయన పంచె మీద పడడం కిటికీలోంచి చూశాను. ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడానికి ఇంతకంటే మురికి పద్ధతి ఉంటుందని నేను అనుకోను.

చలికాలం వెళ్లేలోపే కొత్తాయనకి విజయవాడలో ఏదో కాలేజీలో పని దొరికి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదికి వచ్చాయి. కరెస్పాండెంటు గారు అటెండరుని మాస్టారింటికి పంపారు. మాస్టారు చెంబు పట్టుకుని వచ్చేశారు. మాకు సంతోషం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నా స్నేహితురాలు ఆగలేక, "మీరెందుకు వచ్చారు మాస్టారూ?" అని అడిగేసింది. ఆయన డస్టరుతో బోర్డు మీది గైడు జవాబు తుడుస్తూ, "పరీక్ష మీది కదమ్మా" అన్నారు. అప్పటికి పాఠాలు కొండంత మిగిలిపోయి ఉన్నాయి. కొవ్వొత్తి సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మా రిజల్టు బ్రహ్మాండంగా వచ్చింది. కరెస్పాండెంటు గారు పేపర్లో ఫోటో వేయించుకున్నారు. బడి తెరిచేసరికి మళ్లీ ఇంకెవరో కొత్తాయన వచ్చాడని విన్నాం.

తరవాత కూడా ఇదే తంతు. ఎవరో మానేస్తే అటెండరు వెళ్లేవాడు, మాస్టారు వచ్చేవారు. ఇంకెవరో దొరికితే మాస్టారు ఇంటికి. చివరికి మోకాళ్లు మొరాయించి, ఆయనే రానని చెప్పారు.

నేను నందిగామలో ఇంగ్లీషు టీచరుగా చేరాక, వీలున్న ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన ఆ చెంబు. వాళ్లావిడ, మేం పిన్నిగారు అని పిలిచేవాళ్లం, మాటలు తక్కువ మనిషి. కాఫీ ఇచ్చి గుమ్మానికి ఆనుకుని మా మాటలు వింటూ ఉండేవారు. నా క్లాసులో జరిగినవి చెప్పేదాన్ని. ఒకసారి, పొట్టలో సీతాకోకచిలుకలు అనే ఇంగ్లీషు మాట వస్తే, మా క్లాసులో ఒక పిల్ల, "పరీక్ష పేపరు ఇచ్చే ముందు కడుపులో ఏదో కొట్టుకుంటదండి, అదేనాండి?" అని అడిగిందని చెప్పాను. మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఆ పిల్లకి గైడు కొనొద్దని వాళ్ల నాన్నకి చెప్పు. చేతులు పట్టుకుని చెప్పు" అన్నారు.

నేను ఆఖరిసారి వెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పి బాగా ఎక్కువగా ఉంది. అయినా పాఠం మానలేదు.

"నా మోకాళ్లు నన్ను చంపేస్తున్నాయి అంటాడమ్మా ఇంగ్లీషువాడు. జరిగిందా?"

"ఇంకా లేదు మాస్టారూ."

"అయితే పోలికే. కాఫీ తాగు."

పిన్నిగారు గుమ్మంలో నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్దకర్మ అయిపోయాక, ఆదివారం సాయంత్రం బడిలో సంతాప సభ పెడుతున్నామని కరెస్పాండెంటు గారు కబురు పంపారు. నాకు వెళ్లాలని లేదు. పిన్నిగారే నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు మాట్లాడమ్మా. వాళ్లు ఏవేవో అంటారు. ఆయన్ని ఎంగిలి మాటలతో పంపించొద్దు. నువ్వన్నా చూసిన మాట ఒక్కటి చెప్పు" అన్నారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఆ ఒక్క మాట కోసం బస్సులో దారి పొడుగునా వెతుక్కున్నాను. దొరకలేదు. ఏది అనుకున్నా నాకే ఎంగిలి వాసన వేసింది.

మా పదో తరగతి గది గోడ పడగొట్టి పక్క గదితో కలిపి హాలు చేశారు. ఆ కిటికీ మాత్రం అలాగే ఉంది. బల్ల మీద దండ వేసిన ఫోటో, దాని పక్కన పిన్నిగారు ఇంటి నుంచి తెచ్చి పెట్టిన చెంబు, నిండా నీళ్లతో. మాట్లాడేవాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. ఒకాయన మాస్టారు జ్ఞాన సముద్రం అన్నాడు. ఇంకొకాయన విద్యా శిఖరం అన్నాడు. ఒకావిడ కల్పవృక్షం అంది. వీళ్లలో ఒక్కరైనా ఆయన క్లాసులో కూర్చున్నవాళ్లు కాదు. పెళ్లిలో తిని పారేసిన విస్తళ్లు ఏరుకొచ్చి ఆయన ముందు పరుస్తున్నట్టు అనిపించి, నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

చివరిగా కరెస్పాండెంటు గారు లేచి మొదలుపెట్టగానే కరెంటు పోయింది. జగ్గయ్యపేటలో అది ఎవరికీ కొత్త కాదు. అటెండరు, పూర్వం మాస్టారింటికి వెళ్లి పిలుచుకొచ్చే ఆయనే, తల నెరిసిపోయింది, సొరుగులన్నీ తడిమి ఓ కొవ్వొత్తి తెచ్చి బల్ల మీద వెలిగించాడు. కరెస్పాండెంటు గారు దాన్ని చేత్తో చూపించారు. "ఇదిగో, చూడండి. ఈ కొవ్వొత్తే మన మాస్టారు. తాను కరిగిపోతూ మన బడికి వెలుగునిచ్చారు" అని కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవే అనుకుంటాను. అదే నాకు మరీ అసహ్యం అనిపించింది. హాలంతా చప్పట్లు.

నా పేరు పిలిచారు. లేచి వెళ్లి, మైకు పనిచేయదు కాబట్టి బల్ల పక్కనే నిలబడ్డాను. ఆ గదిలో, ఆ చెంబు పక్కన నిలబడేసరికి నేను వెతుకుతున్నది నాకు దొరికింది. చెప్పాల్సింది పోలిక కాదు. ఆయన సగంలో వదిలేసిన పాఠం.

"కరెస్పాండెంటు గారు మాస్టారిని కొవ్వొత్తి అన్నారు. మాస్టారైతే ఊరుకోరు, ముందు దాన్ని సరిగా చూడమంటారు. చూద్దాం. కొవ్వొత్తిని మనం ఎప్పుడు వెతుకుతాం?"

చీకట్లోంచి నలుగురైదుగురు అన్నారు. "కరెంటు పోయినప్పుడండి."

"ఎవరిని పంపిస్తాం?"

కొవ్వొత్తి పక్కనే నిలబడి ఉన్న అటెండరు తల దించుకున్నాడు.

"మళ్లీ కరెంటు వచ్చాక దాన్ని ఏం చేస్తాం?"

వెనక వరసలో కుర్చీ జరిగింది. నా స్నేహితురాలు లేచి, క్లాసులో లేచినట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

"ఊదేస్తామండి. నేను ఆ రోజే చూసొచ్చానండి మాస్టారూ. మీరు అడగలేదు."

నేను కరెస్పాండెంటు గారి వంక తిరిగి, "మీరు అన్నది నిజమేనండి" అని వచ్చి కూర్చున్నాను.

ఇంతలో కరెంటు వచ్చింది. ట్యూబులైట్లు మిణుకుమిణుకుమని వెలిగాయి. అటెండరు అలవాటు కొద్దీ కొవ్వొత్తి మీదికి వంగి బుగ్గలు పూరించాడు. అందరూ తననే చూస్తున్నారని తెలిసి అలాగే ఆగిపోయాడు. ఊదలేక, ఊపిరి వదల్లేక, కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా వెనక్కి జరిగాడు. పైన ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి. మంట ఓ పక్కకి ఒరిగింది.

అప్పుడు పిన్నిగారు లేచారు. ఎవరి వంకా చూడకుండా బల్ల దగ్గరికి వచ్చి, ఫోటో పక్కనుంచి చెంబు తీసుకుని, కిటికీ దగ్గరికి నడిచారు. తల పైకెత్తి నీళ్లు నోట్లో పోసుకుని, నిదానంగా, ఆయన పుక్కిలించేటంతసేపు పుక్కిలించి, బయటికి ఉమ్మారు. కిటికీ కింద బొప్పాయి చెట్టు ఇప్పుడు లేదు, సిమెంటు గచ్చు చేశారు. ఆ గచ్చు మీద నీళ్లు పడిన చప్పుడు హాలులో అందరికీ వినబడింది.